బట్టల అడుగున గాజులు

ఏలూరు,
14-8-2004

ప్రియమైన కుమార్తె హెప్సిబాకు, మీ నాన్న దీవించి వ్రాయునది. దేవుని దయవల్ల నేనూ, తమ్ముడు నెల్సనూ కులాసాగా ఉన్నాం. గుండుగొలను ప్రభావతి గురువారం మళ్ళీ కువైట్ వెళ్తోందట. పోస్టును నమ్మక ఆమె చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. గాజులు సొరుగులో పెట్టమని మీ మేడమ్ ఇంగ్లీషులో చెబితే, నువ్వు వార్డ్‌రోబ్‌లో బట్టల అడుగున దాచావు. మన ఇళ్ళలో బంగారం చీరల అడుగునే ఉంటుంది మరి. బీరువా ఒక్కటుంటే చాలు, పట్టుచీరా, ఇంటి దస్తావేజులూ, పెద్ద బైబిలూ అన్నీ అందులోకే. అది తెలియని ఆ మహాతల్లి రెండు రోజులు నిన్ను దొంగని చేసి, నీ పెట్టె విప్పించి లోపలి గుడ్డలు కూడా దులిపించింది. గాజులు దొరికాక ఒక్క మంచి మాట అనలేదన్నావు. వాళ్ళ మర్యాద అంతవరకే.

నువ్వడిగిన తేడాలు చెబుతాను. కప్‌బోర్డ్ అంటే తలుపులున్న అర, కప్పులూ గిన్నెలూ సామానూ పెట్టేది. మన వంటింటి గోడ అలమరకి తలుపులు బిగిస్తే అదే. వార్డ్‌రోబ్ నిలువెత్తున ఉంటుంది, లోపల బట్టలు తగిలించే కమ్మీ ఉంటుంది. క్యాబినెట్‌లో మందులో, పింగాణీ సామానో పెడతారు, కొన్నిటికి అద్దాల తలుపులుంటాయి. తలుపులు లేకుండా అన్నీ సొరుగులే అయితే చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్. ఆవిడ చెప్పింది దాని సంగతే. క్లోజెట్ అంటే బాత్‌రూమ్ వైపు వెళ్ళకు, వాళ్ళకి అది గోడలో కలిసిపోయిన బట్టల అర. ఈ మాటల్ని వాళ్ళే ఒకదానికొకటి వాడేస్తుంటారు. అనుమానం వస్తే 'విచ్ వన్, మేడమ్?' అని అడుగు.

నెల్సన్ కైకలూరులో చేపల మేత కొట్టులో కుదిరాడు. "అక్కకి నేనే రాద్దామనుకున్నానండీ నాన్నగారూ, నాకూ సరిగ్గా తెలీదు" అన్నాడు. వాణ్ణి బి.ఏ. దాకా చదివించాను.

ఉత్తరం చివర నువ్వో మాట రాశావు. "నా బుర్రకి ఇంగ్లీషు ఎక్కదు కదండీ నాన్నగారూ, తొమ్మిదిలోనే తప్పాను, మీకు తెలియందేముంది" అని. దానికి జవాబు రాయడానికి రెండు వారాలు పట్టింది.

నువ్వు తప్పలేదమ్మా. ఆ ఏడు మీ అమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. ఇంట్లో ఆడమనిషి కావాలి. పాసైన పిల్లని మానిపిస్తే హెడ్మాస్టరు అడ్డుపడతారు, సంఘంలో నలుగురూ నాకు గడ్డి పెడతారు. తప్పిన పిల్లని మానిపిస్తే ఎవరూ అడగరు. మీ క్లాసు ఇంగ్లీషు పేపర్లు దిద్దింది నేనే. సంవత్సరాంత పరీక్ష పేపర్లు ఇంటికివ్వరు గనుక నువ్వు చూసే వీల్లేదు. నీకు అరవై రెండు వచ్చాయి. నేను రిజిస్టరులో ఇరవై ఆరు వేశాను. క్లాసులో నీ తర్వాత ఎక్కువ వచ్చినవాడికి యాభై మూడే.

"పాపం, యోబు మాష్టారి కూతురికే ఇంగ్లీషు రాలేదు" అని అందరూ జాలిపడితే, తల వంచుకుని ఆ జాలి కూడా పుచ్చుకున్నాను. మూడేళ్ళు నువ్వు అమ్మ మలమూత్రాలు ఎత్తావు. వరండాలో నా ట్యూషన్ పిల్లలకి మంచినీళ్ళిచ్చావు. అమ్మ పోయాక నిన్ను మళ్ళీ బడికి పంపి ఉండొచ్చు. పంపితే నీకు ఇంగ్లీషు వచ్చునని తెలిసిపోతుందని ఊరుకున్నాను. పదో తరగతి లేని పిల్లకి పరాయి ఇంట్లో అంట్ల పనే దొరికింది. మొన్న మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేక వెనక బెంచీలోనే కూర్చుండిపోయాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

క్షమించమని అడగను. జవాబు రాయబుద్ధి కాకపోతే రాయకు. రాస్తే మాత్రం ఇంగ్లీషులో రాయి. తప్పులు దిద్దే అర్హత నాకు లేదు.

ఇట్లు,
నీ తండ్రి,
యోబు