పొయ్యి పక్క కుండ

ముదినేపల్లి, 16 నవంబరు 1961, గురువారం

పొద్దుటి నుంచి ముసురు. బడిలో రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పాను. ఇంటికొచ్చేసరికి, వండేముందు దేవుడికి తీసిపెట్టే గుప్పెడు బియ్యం కోసం చర్చి సంఘం స్త్రీలు వచ్చి ఉన్నారు. పొయ్యి పక్క కుండ ఎత్తి వాళ్ళ సంచిలో వంపేశాను.

అత్తయ్య గేదెకు గడ్డి వేసి వచ్చి, "కుండ ఖాళీగా ఉందేంటే?" అంది. చెప్పాను.

"దేవుడి కుండ అటక మీదుంది. నువ్వు వంపేసింది నీ బి.ఏ. ఫీజు పిల్లా. పూటపూటా ఇంకో గుప్పెడు తీసి దాచాను."

ఫీజుకి తక్కువపడిన డబ్బు కోసం నేను ఎవరినీ అడగలేక ఈ ఏడు పరీక్ష మానేద్దామనుకుంటున్నాను. ఆవిడకెలా తెలిసిందో...

దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతామా అన్నాను. అత్తయ్య అటక మీది కుండ దించుకుని తడుస్తూనే పాస్టరుగారింటికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

"అమ్మగారూ, దేవుడి బియ్యం ఇవండీ. మీరు తెచ్చుకున్నది మా కోడలి బి.ఏ."

పాస్టరుగారి భార్య, "పాసయ్యాక రెండు కుండలూ మాకేనండోయ్" అని నవ్వి, సంచి విప్పి కొలిచి ఇచ్చారు.

నిద్ర పట్టేలా లేదు. పుస్తకాలన్నీ మంచం మీద పరిచాను. ఇంగ్లీషు పేపరు తలుచుకుంటేనే కాస్త...

గుడివాడలో ఉంటున్న మా ఆయన రేపు అక్కడి మిల్లులో బియ్యం అమ్మించి ఫీజు కడతారు. అత్తయ్య బియ్యం మూటతో రాత్రి ఏడింటి బస్సుకే ఆయన దగ్గరికి వెళ్ళింది.