కంపైల్ కాకపోతే బాగుండు

నవంబర్ 3, సోమవారం

మేనేజర్‌ని మేమంతా చాటుగా అర్జంటు అంటాం. ఆయనకి మంచినీళ్ళు తాగడం కూడా అర్జంటే. ఈరోజు నన్నూ బావనీ పిలిచి తలుపు వేయమన్నాడు. కొంప మునిగిందని అప్పుడే అనుకున్నాను.

మా ల్యాబ్ రిపోర్టుల సైట్ నడిచే పాత సర్వర్ ఆడిట్‌లో ఫెయిలయింది. కొత్త మెషీన్ వచ్చింది. దాని మీద వెబ్ సర్వర్‌ని సోర్స్ కోడ్ నుంచి నేను కంపైల్ చేయాలట. రెడీమేడ్‌ది వేస్తే బావ ఎప్పుడో రాసిన మాడ్యూల్ అందులో ఇమడదు. ఎవరి రిపోర్టు వాళ్ళకే కనపడేలా కాపలా కాసేది ఆ మాడ్యూలే. కాబట్టి కుట్టిన చొక్కా కొనుక్కోకుండా, గుడ్డ తెచ్చి మనమే కుట్టుకోవాలన్నమాట.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. కొత్తది నడిస్తే ఈ గదికి ఒక్క మనిషి చాలు, అది నువ్వే అన్నాడు నాతో. నడవకపోతే ఆడిట్ వాళ్ళని బతిమాలుకుని పాతదాన్నే లాగిస్తాం, అది మీ బావగారికి తప్ప ఎవరికీ లొంగదు కాబట్టి ఆయన ఉంటారు, నువ్వు వేరే చూసుకోవాలి అన్నాడు. నెలాఖరు గడువు. బావ కుర్చీలోంచి లేస్తూ థాంక్స్ చెప్పాడు. దేనికో!

బావ అంటే మా అక్క మొగుడు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది, పని నేర్పింది ఆయనే.

నవంబర్ 5

మెషీన్‌లో కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపాను. సి కంపైలర్ లేదంది. వేశాను. ఏదో లైబ్రరీ లేదంది. ఉంది కదే తల్లీ అని వెతికితే, లైబ్రరీ ఉంది, అందులో ఏమున్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైళ్ళు లేవు. అవి వేరే ప్యాకేజీ అట. అవీ వేశాను. ఇంకో లైబ్రరీ లేదంది. ఒక్కసారే చెప్పి చావొచ్చుగా!

పక్క టేబుల్ దగ్గర బావ పాత సర్వర్ లాగ్ చూస్తున్నాడు. చూస్తున్నట్టు నటిస్తున్నాడు. నేను ఉస్సురన్నప్పుడల్లా తల ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పేసుకుంటున్నాడు.

నవంబర్ 6

ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీవి రెండు వెర్షన్లు ఉన్నాయి మెషీన్‌లో. హెడర్లు ఒకదానివి చదువుతోంది, లింక్ చేసేటప్పుడు ఇంకోదాన్ని పట్టుకుంటోంది. స్క్రీన్ నిండా ఎర్రర్లే. రోజంతా గంగపాలు.

నవంబర్ 9, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. బావ ముందు గదిలో కూతురికి లెక్కలు చెబుతూ అరుస్తున్నాడు. వంటింట్లో అక్క గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా, అది నడవకపోతే ఏమవుతుందే అంది. నా ఉద్యోగం పోతుందన్నాను. నీకేం, చిన్నదానివి, ఇంకోటి దొరుకుతుంది, మీ బావకి ఆ పాత డొక్కు తప్ప ఇంకేం తెలుసు, యాభై దగ్గరపడుతుంటే ఎవరు పిలిచి ఇస్తారు అంది.

నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా అంది.

అడగలేదు. అమ్మ పోయాక నాకు జడలు వేసింది, నా జ్వరాలకి జాగారం చేసింది, నా చదువు అయ్యేదాకా తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. సరేనన్నాను. ఆయనకి మాత్రం తెలియనివ్వకు అంది.

నవంబర్ 10

ఫెయిలవ్వాలని ఒప్పుకున్నాక అన్నీ సాగుతున్నాయి. పాత వెర్షన్ పీకేసి, మేక్ క్లీన్‌తో సగం తయారైన ముక్కలన్నీ తుడిచేసి మొదలుపెడితే జోరుగా పోయింది. అర్జంటు నా వెనకే నిలబడ్డాడు, ఆపడానికి కూడా లేదు. నా ఖర్మ.

నవంబర్ 12, మధ్యాహ్నం 3

కొత్త వార్నింగ్. ఒక ఫైలు తయారైన సమయం ఇంకా రాలేదట! భవిష్యత్తులోంచి ఊడిపడిందన్నమాట. ఈ మెషీన్ గడియారం వెనకబడి ఉంది. బిల్డ్ సరిగ్గా రాకపోవచ్చని కూడా రాసింది. ఎంత సంబరపడ్డానో. టీ తాగి వచ్చేసరికి అర్జంటు ఎవరి చేతో టైమ్ సరిచేయించేశాడు.

నవంబర్ 14

సర్వర్ కంపైల్ అయిపోయింది. మిగిలింది బావ మాడ్యూల్. రెండు చోట్ల పాత ఫంక్షన్ల పేర్లు మార్చాను, అంతే, గుటుక్కున మింగేసింది. ఏనాటి కోడో! చదువుతుంటే కుళ్ళు పుట్టింది, అంత శుభ్రంగా ఉంది. ఎవరూ చూడకముందే ఆ బిల్డ్ చెరిపేశాను.

నవంబర్ 17

చేశాను. మాడ్యూల్ హెడర్‌లో ఒక ఫంక్షన్ టైపు మార్చాను. అసలు కోడ్‌లో మార్చలేదు. రెండూ పొసగవు, కంపైలర్ చచ్చినా ఒప్పుకోదు. కంపైల్ మొదలుపెట్టమని మేక్ కొడితే బారెడు ఎర్రర్లు.

సర్వర్ కోడ్‌లో చెడగొడితే కొత్త కాపీ తెచ్చుకుంటారు. మాడ్యూల్ అయితే బావ ఒక్కడే పట్టుకోగలడు. పట్టుకున్నా నోరు మెదపడు, ఆయన కోసమే కదా. బాగా ఆలోచించే చేశాను.

మాడ్యూల్ కొత్త వెర్షన్‌తో కుదరట్లేదని చేతులెత్తేశాను. అర్జంటు ముఖం మాడ్చుకున్నాడు. పని కాలేదని అక్కకి మెసేజ్ పెట్టాను. నా బంగారు తల్లివే అని జవాబు.

నవంబర్ 18

ఈరోజుది మొత్తం రాస్తాను.

పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. అర్జంటు వాళ్ళని మా గదికి తెచ్చి, బావనీ పిలిచి, నా స్క్రీన్ చూపించాడు. ఇదండీ మా పెద్దాయన కోడ్, అప్పట్లో ఏదో తోచినట్టు రాసి పారేశారు, ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి అని నవ్వాడు. వచ్చినవాళ్ళలో ఒకామె ఎర్రర్లు చూసి, చెత్త అంది.

నేను బావనే చూస్తున్నాను. కళ్ళతోనే బతిమాలాను. ఆయన స్క్రీన్ పైకి జరుపుకుంటూ వెళ్ళి మొదటి ఎర్రర్ చదివాడు. ఎప్పుడూ మొదటిదే చదవాలి, మిగతావన్నీ దాని పిల్లలే అని నాకు నేర్పింది ఆయనే. చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి నా ముఖంలోకి చూశాడు. తెలిసిపోయింది. వద్దు బావా అని నా గొంతుదాకా వచ్చింది.

కాస్త జరగమ్మా అన్నాడు. కూర్చోకుండానే ఆ ఒక్క లైను మార్చి, మేక్ కొట్టాడు. లైన్లు పరిగెత్తాయి. ఎక్కడా ఆగలేదు. వార్నింగ్ కూడా లేదు. సర్వర్ లేపి టెస్ట్ రిపోర్టు తెరిచాడు. వచ్చింది. ఇది నేను రాసింది, ఇందులో చెత్త లేదండీ అన్నాడు ఆమెతో. తప్పెక్కడని అర్జంటు అడిగితే, కాపీ చేసేటప్పుడు ఏదో తేడా వచ్చి ఉంటుందన్నాడు. నా పేరు రానివ్వలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ లైన్లు అలా పోతుంటే నా ప్రాణం లేచి వచ్చింది.

సాయంత్రం

మెట్ల దగ్గర బావ ఆపాడు. చెడగొట్టడానికి నా కోడే దొరికిందటే పిచ్చి మొహమా అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. వాళ్ళు అలా అంటుంటే ఊరుకోలేకపోయాను, చేతులు వాటంతటవే వెళ్ళాయి అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా మీదా, ఆయన మీదా, ఆ చెత్త అన్నావిడ మీదా.

మీ అక్కకి మాత్రం చెప్పకు అన్నాడు. నా చేత్తో నేనే చేసుకున్నానని తెలిస్తే జన్మలో క్షమించదు, నువ్వే కంపైల్ చేశావని చెబుతాను, నువ్వు ఊ అను చాలు అన్నాడు. ఊ అన్నాను. ఈ మొగుడూ పెళ్ళాలకి ఊ అనడానికే పుట్టాను నేను.

నవంబర్ 20

అక్క ఫోన్ ఎత్తలేదు.

నవంబర్ 21

ఎత్తలేదు.

నవంబర్ 28, శుక్రవారం

బావకి ఆఖరి రోజు. పాత సర్వర్ ఆపమని అర్జంటు ఆర్డర్. బావ నన్నే ఆపమని బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఫ్యాన్ల రొద ఆగిపోయాక గదిలో నా ఊపిరి నాకే వినపడింది.

ఇన్నేళ్ళకి ఆయన సొరుగులోంచి తీసుకున్నది ఒక కళ్ళజోడు, ఒక స్వెటర్. చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు.

నవంబర్ 30, ఆదివారం

ఇంటికే వెళ్ళాను. అక్క తలుపు తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. లోపలికి తిరిగి, ఏమండీ, మీ ఆఫీసు నుంచి ఎవరో వచ్చారు అంది.