నట్టు ఎవరు పట్టుకుంటారు?

ఏవండీ,

మీరు గీసిన కాలినడక వంతెన, మీరు పోయిన ఏడాదికి, భట్టిప్రోలు కాలువ మీద నిలబడింది. సందు మలుపులో లారీ తిరగదని ఆ ఇనప గొట్టాల వంతెనని రెండు ముక్కలుగా తెచ్చి అక్కడే కలిపారు. తెనాలి నుంచి బస్సెక్కి వెళ్ళి చూశాను.

అన్నం కలుపుతూ, "గొట్టంలోకి చెయ్యి పోదు మేరీ, లోపల నట్టు ఎవరు పట్టుకుంటారు?" అనేవారు. జవాబు ఇవాళ కళ్ళారా చూశాను. మీరు గీసినట్టే గొట్టాల చివర్లకు వెడల్పాటి పలకలు వెల్డింగ్ చేయించి, బోల్టులన్నీ గొట్టం బయటే పెట్టించారు. ఎదురెదురు పలకల్ని పనివాళ్ళు వియ్యంకులంటున్నారు. బిగించేదాకా ఎడం పాటిస్తాయట!

కింది వియ్యంకులకే బోల్టులెక్కువ. ఎందుకని మీ జూనియర్‌ని అడిగాను.

"జనం ఎక్కితే పై గొట్టాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయండి. కిందవే విడిపోవాలని చూస్తాయి. సార్ బెంగంతా అక్కడే."

వంతెన మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కింది పలకల మధ్య నా బస్సు టికెట్ దూర్చబోయాను. మూల మడతపడింది. చుట్టూ ప్రయత్నించాను.

ఎక్కడా దూరలేదండీ.

మీ మేరీ