గ్రాంటు బడి దసరా

అన్నయ్యగారికి నమస్కారాలు.

రాజమహేంద్రవరం నుంచి మీరు రాసిన సలహా ప్రకారమే మా వీధిబడికి సర్కారు గ్రాంటు పుచ్చుకున్నాను. గ్రాంటు తీసుకున్న బడి ఏ కులం పిల్లలనైనా చేర్చుకోవాలని కొత్త నిబంధన కదా, పల్లెపేటలో చేపలు పట్టేవారి అబ్బాయి బుల్లియ్యను అరుగెక్కించాను. ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. దానికే నాకు భయం వేసింది.

నిన్న పిల్లలచేత దసరా పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగాను. ఏటా పప్పుబెల్లాలు పెట్టేవారంతా మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు. మునసబుగారు ఒక్కరే తీశారు. బుల్లియ్య దోసిట్లో పప్పుబెల్లాలు పోయించి, "బాగా పాడావురా. మీ ఇల్లెక్కడ?" అని నవ్వుతూ అడిగారు.

"రేవు పక్క మొదటి పాకండి" అన్నాడు వాడు సంబరంగా.

ఈ సాయంత్రం మునసబుగారి పాలేళ్ళు రేవులో పడవలన్నీ అవతలి గట్టుకు చేర్చేశారు. ఎందుకని అడిగితే తల తిప్పుకున్నారు. పల్లెపేటవాళ్ళకు ఇక ఈ రాత్రి ఏరు దాటి పోయే దారి లేదు. తాసీల్దారుగారితో చెప్పి ఎవరినైనా పంపించండి. ఈ ఉత్తరం మీకు రేపటికి గాని అందదని తెలిసీ రాస్తున్నాను.

ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోమని బుల్లియ్య తల్లి అచ్చాయమ్మను బతిమాలాను. ఆవిడ వినలేదు. "భయమేంటండీ అయ్యవారూ, మునసబుగారంతటివారు మా ఇల్లడిగి తెలుసుకున్నారంట కదండీ" అంది.

మీ తమ్ముడు