గరుకు అద్దం మీద అవ్వ

హాలియా

చిన్నాయినా,

అవ్వ దశదినకర్మ ఫ్లెక్సీకి మంచి ఫోటో పంపమని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశావు. మన ఇంట్లో అవ్వ ఫోటో లేదు.

తాత నందికొండలో డ్యామ్ కూలీలకు ఫోటోలు తీసిన రోజుల్లో, ముందు అవ్వనే స్టూలు మీద కూర్చోబెట్టి ఫోకస్ చూసుకునేవాడట. కెమెరా వెనక గరుకు అద్దం మీద ఆమె ముఖం తలకిందులుగా కుదిరాక, ఆమెను లేపి గిరాకీని కూర్చోబెట్టేవాడు. ఆమె కోసం ఫోటో పడే గాజు ప్లేటు ఒక్కటి కూడా వాడలేదు. నేను ఫోన్ ఎత్తితే కొంగు కప్పుకునేది. "మీ తాత డబ్బ ముంగటైతె కూసుంట" అనేది.

అందుకే ఆరు నెలలు తాత డబ్బా కెమెరాతో కుస్తీ పట్టాను. చెదలు తిన్న చెక్క మార్చాను. లెన్సు వెనక చిరిగిన మడతల తోలు తిత్తి తీసేసి గొడుగు గుడ్డ రెండు వరసలు కుట్టాను. కిటికీ అద్దం నూరి గరుకు చేశాను. ప్లేటుకు బదులు ఎక్స్‌రే ఫిల్ము పట్టేలా వెనక చట్రం మార్చాను.

అవ్వ తల దువ్వుకుని కొత్త చీర కట్టిన రోజే నువ్వొచ్చావు. "జర రెండు రోజులియ్యి బిడ్డా, హోటల్ ఓపెనింగుల పెడత" అని కెమెరాను నార్కట్‌పల్లిలో నీ హోటల్‌కు పట్టుకుపోయావు. తిరిగి తెచ్చుకుందామని నేను అక్కడికి వచ్చేసరికి అద్దం పగలగొట్టించి, లోపల బల్బు పెట్టించి దాన్ని దీపం చేశావు. "మస్తు మెరుస్తాంది గదా" అన్నావు.

ఇంటికి రాగానే "తెచ్చినవా?" అంది అవ్వ. రేపు తెస్తానన్నాను. ఆమె పోయేదాకా ఇరవై రోజులు అదే చెప్పాను.

ఫ్లెక్సీ మీద నువ్వు దీపం చేసిన ఆ కెమెరా బొమ్మే వేయించు. అవ్వ ముఖం పడింది అందులోనే.

నీ అన్న బిడ్డ