నీళ్లు వస్తాయా అని అడిగేవాడు ఆదివారం వస్తాడు

హోసూరు, 19 మే 2005

సబ్ కలెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భోగ్యం సొమ్ము ఇప్పించి, నన్ను గది నుంచి విడిపించడం గురించి.

ఇల్లు ఖాళీ చేయించవద్దని తమకు అర్జీలు వస్తుంటాయి. నాది ఖాళీ చేయనివ్వమని.

1. నా పేరు సిద్దప్ప. ఊరు రాయకోట. ఇక్కడ ఒక చిన్న కంపెనీలో లేత్ పని చేసేవాడిని. 2002 జనవరిలో కేశవప్ప గారి లైన్ ఇళ్లలో ఆరో నంబరు గదికి యాభై వేలు భోగ్యం ఇచ్చాను. నెల బాడుగ లేదు. మూడేళ్లకు గది వదిలితే మొత్తం తిరిగి ఇవ్వాలి.

2. అప్పుడు గదులు ఆరు. ఇప్పుడు పద్నాలుగు. నా సొమ్ము వెనుక వరుసకు పునాది అయింది. ఆ వరుస బాడుగ బ్యాంకు అప్పు కంతుకు పోతుంది. తన చేతి రూపాయి పెట్టకుండా ఆస్తి పెరుగుతోందని ఆయన టీ అంగడిలో చెబుతుంటారు. మరుగుదొడ్లు అప్పుడు రెండు, ఇప్పుడు ఒకటి. రెండోది పద్నాలుగో గది అయింది. అందులో ఒక కుటుంబం ఉంది.

3. బోరు 2001లోనే ఎండిందని చేరాక తెలిసింది. ట్యాంకరు వారానికొకసారి వస్తుంది. ఇంటికి ఎనిమిది బిందెలు.

4. డిసెంబరులో కంపెనీ మూతబడింది. జనవరిలో గడువు తీరి సొమ్ము అడిగితే ఆయన వెనుక వరుస చూపించారు. "నీ దుడ్డు యాడికీ పోలేదు సిద్దప్పా. అదో, గోడై నిలబడుండాది. తట్టి చూసుకో" అన్నారు. కొత్తవారు భోగ్యం ఇచ్చాకే పాతవారికి ఇవ్వబడునని ఒప్పందంలో చివరి వాక్యం. అది చదివే సంతకం పెట్టాను.

5. సొమ్ము అందకముందే తాళంచెవి ఇచ్చినవాడికి ఇక అందదు. అందుకే గదిలో ఎవరో ఒకరం ఎప్పుడూ ఉంటున్నాం. మార్చిలో మా అమ్మ పోయింది. నేను రాయకోట వెళ్లాను. నా భార్య చౌడమ్మ గదిలో కూర్చుంది.

6. ఈ ఆదివారం జవళగిరి నుంచి నాగేశప్ప అనే అతను గది చూడటానికి వస్తాడు. కొత్తగా పెళ్లయినవాడు. ఆ పొద్దున మాత్రం కొళాయికి ట్యాంకరు నీళ్లతో పైతొట్టి నింపుతారు. "నీళ్ల సంగతి నిన్నే అడుగుతాడప్పా. నేను చెప్తే నమ్మడు" అని కేశవప్ప గారు నాకు చెప్పి పెట్టారు. 2002లో నేను అప్పుడు ఈ గదిలో ఉన్న తిమ్మయ్య అనే పాతాయన్ని ఇదే అడిగాను. బాగా వస్తాయన్నాడు. మరుసటి వారం ఖాళీ చేశాడు.

కాబట్టి ఆదివారంలోగా కేశవప్ప గారిని పిలిపించి నా సొమ్ము ఇప్పించవలసినది. ఆ తరువాత నాకు తమ అవసరం ఉండకపోవచ్చు. నా భయం అదే.

ఇందులో రాసినవన్నీ జరిగినవే. ఆదివారానికి ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సిద్దప్ప
ఆరో నంబరు గది

తా.క.: శుక్రవారం తెస్తే అర్జీలు సోమవారమే తీసుకుంటామన్నారు. నిన్న నాగేశప్ప భార్యతో వచ్చాడు. ఆ అమ్మాయి కొళాయి తిప్పింది. నీళ్లు వచ్చాయి.

"దినమూ ఇట్లే వస్తాయా అన్నా?" అని అతను అడిగాడు.

చౌడమ్మ లోపలికి పోయింది.

"వస్తాయప్పా" అన్నాను.

సాయంత్రానికి యాభై వేలు చేతికి వచ్చాయి. ఈ రోజే ఊరికి పోతున్నాం. అర్జీ మాత్రం ఇచ్చి పోతాను. నా పేరు కొట్టేసి అతని పేరు రాసుకోవలెను. గది నంబరు మార్చనక్కరలేదు.