క్యాసెట్లో నీ జాగా

మరియమ్మత్తా,

మన బుర్రకథ క్యాసెట్ వచ్చింది. అట్ట మీద నా ఫోటో వేశారు. ఈసారి వీరుల కథ కాదు, మిరపకోతకెళ్లే ఆడవాళ్ల కథ. నేనే కట్టాను. ఇదంతా నీ చలవే. "ఎన్నాళ్లు తిప్పుతావే ఆ మగోళ్ల కత్తులు? కాయలు కోసి చేతులు మండిన సంగతి చెప్పవే" అని, నా పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడే నువ్వే, దాన్ని కింద పెట్టి మరీ తిట్టావు.

రికార్డింగులో ఒక పొరపాటు చేశాను. కథ మంచి పట్టు మీదున్నప్పుడు "ఊఁ, ఆపైన ఏందమ్మా?" అని నువ్వడిగేదానివి కదా, అలవాటు కొద్దీ అక్కడ ఆగిపోయాను. నువ్వు పోయి ఏడాదవుతున్నా నా నోటికింకా తెలియదు. "ఖాళీ వచ్చిందమ్మా, తీసేద్దామా?" అన్నాడు రికార్డింగాయన. ఉంచమన్నాను.

నిన్న మాచర్ల బస్టాండులో టీకొట్టతను ఆ క్యాసెట్ పెట్టాడు. సిగ్గేసి తల వంచుకున్నాను. సరిగ్గా ఆ ఖాళీ దగ్గర, రెంటచింతల బస్సు కోసం మూట మీద కూర్చున్న ముసలామె టేపురికార్డరు వైపు తిరిగి, "ఊఁ, ఆపైన ఏందమ్మా?" అంది.

ఆమె అడిగాకే, క్యాసెట్లో నేను మళ్లీ కథ అందుకున్నాను.